మూడ్రోజుల కొట్టు... ఏడాది బేరం!

మంచుకొండలూ ఎడారులూ హౌస్‌బోట్లూ బ్యాంకాక్ బజార్లూ... అన్నీ ఒకే కప్పు కింద. వాటి మధ్య, తొమ్మిది చదరపు మీటర్ల అరలో మన అరకు! విశాఖకు చెందిన ఓ చిన్న ట్రావెల్ సంస్థ చిట్టీ పాడి మరీ కోల్‌కతా పర్యటక సంతలో స్టాల్ పెట్టింది. ఏం అమ్మింది, ఏం నేర్చుకుంది, చివరికి ఎంత మిగిలింది?

'గదిలో వేడినీళ్లు వస్తాయా?'

స్టాల్‌కి వచ్చిన మొదటి మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. డెబ్భై ఏళ్లు దాటిన పెద్దావిడ. ఎదురుగా గోడంత ఫ్లెక్సీ మీద పచ్చటి లోయ, పసుప్పచ్చగా విరబూసిన వలిసె పూలు, చేయీచేయీ పట్టుకుని థింసా ఆడుతున్న అమ్మాయిలు. ఆవిడ వాటివంక కన్నెత్తి చూడలేదు. 'చేప దొరుకుతుందా? ఎన్ని మెట్లెక్కాలి?' అని మరో రెండు ప్రశ్నలు అడిగారు. స్టాల్ యజమాని తెల్లబోయాడు. అరకు ఎంత ఎత్తులో ఉంటుందో, రైలు దారిలో సొరంగాలెన్నో, అక్కడి అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు ఏ సంవత్సరంలో వచ్చిందో... వారం రోజులపాటు బట్టీపట్టి వచ్చాడాయన. వేడినీళ్ల సంగతి అందులో లేదు.

2025 జులైలో, కోల్‌కతాలో జరిగిన టీటీఎఫ్... అంటే ట్రావెల్ అండ్ టూరిజం ఫెయిర్‌లో సంగతిది. సైన్స్‌సిటీకి ఎదురుగా ఉండే విశ్వబంగ్లా మేలా ప్రాంగణ్‌లో ఏటా వానాకాలంలో జరుగుతుందీ సంత. రాష్ట్రాల పర్యటక శాఖలు, విదేశీ టూరిజం బోర్డులు, హోటళ్లు, విమాన సంస్థలు, ఊరూపేరూ తెలియని చిన్నచిన్న ట్రావెల్ ఏజెన్సీలు... అంతా అక్కడికి చేరతారు. పండగ సెలవులకి బెంగాలీలు ఎటు వెళ్లాలో చాలావరకూ అక్కడే తేలిపోతుంది మరి!

పాదాల కింద ఆవాలు

తిరుగుడు పిచ్చి ఉన్నవాళ్లను మనం 'కాలికి చక్రాలున్నాయి' అంటాం. బెంగాలీలు 'పాదాల కింద ఆవాలున్నాయి' అంటారు. కాలు నిలవదన్నమాట! 'దీ-పు-దా' అని వాళ్లకో ముద్దుమాట ఉంది. దీఘా, పురీ, దార్జిలింగ్. సగటు బెంగాలీ కుటుంబం జీవితంలో ఒక్కసారైనా చూసితీరే ఊళ్లవి. ఆ మూడూ అయ్యాక ఎటు అన్నదే ప్రశ్న. 1974లో సత్యజిత్‌రే 'సోనార్ కెల్లా' సినిమా తీశాక వాళ్లు జైసల్మేర్ కోటకి పోటెత్తారు. ఇప్పటికీ ఆ కోటలో దుకాణాలవాళ్లు రే పేరు చెప్పుకుంటారు. ఇక తిండి విషయంలో వాళ్ల పట్టింపు అందరికీ తెలిసిందే. 1933లో మొదలైన 'కుండూ స్పెషల్' అనే కోల్‌కతా సంస్థ యాత్రికులతోపాటు వంటవాళ్లనీ వంటసామగ్రినీ వెంట తీసుకెళ్లడంతోనే ఇంటింటా పేరు తెచ్చుకుంది. కశ్మీర్ లోయలోనైనా కన్యాకుమారిలోనైనా వేళకి చేపలపులుసూ అన్నం... ఆ తర్వాతే ప్రకృతి అందాలు!

అలాంటి ప్రయాణికులకి విశాఖ పెద్ద దూరమేం కాదు. హౌరా నుంచి దాదాపు 880 కిలోమీటర్లు. మధ్యాహ్నం షాలిమార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజామున విశాఖలో దిగొచ్చు. సముద్రం, కొండ, గుహ, గుడి, జలాంతర్గామి... ఒకే ఊరి చుట్టూ ఇన్ని దొరకడం అరుదు. వాళ్ల చైతన్య మహాప్రభువు దక్షిణయాత్రలో సింహాచలం దర్శించుకున్నాడనీ కొవ్వూరు దగ్గర గోదావరి ఒడ్డున రామానందరాయలిని కలిశాడనీ పెద్దవాళ్లు తలుచుకుంటారు. అందుకే పూజో సెలవులు మొదలైతే చాలు, ఆర్కే బీచ్‌లో తెలుగుతో సమానంగా బెంగాలీ వినిపిస్తుంది. దుర్గాపూజని వాళ్లు 'పూజో' అంటారు. అరకు లోయ 'ఆరాకు' అవుతుంది, వైజాగ్ 'భైజాగ్' అవుతుంది.

ఇంతమంది వస్తుంటే ఇక్కడివాళ్లు అక్కడికెళ్లి పిలవడం ఎందుకు? ఆ విశాఖ సంస్థ కథ అక్కడే మొదలవుతుంది.

నలుగురి తర్వాత చెయ్యి

ద్వారకానగర్‌లో ఓ మెడికల్ షాపు మేడమీద చిన్న గది వాళ్ల ఆఫీసు. యజమానిది శృంగవరపుకోట. అరకు ఘాట్‌రోడ్డు మీద పదిహేనేళ్లు టాక్సీ నడిపాక సొంత కారు, ఆపైన మరో నాలుగు, ఒక మినీ బస్సు. 2020లో కరోనా వచ్చి అందులో రెండు కార్లు అమ్మించింది. ఆయన భార్య లెక్కలు చూస్తుంది. డిగ్రీ చదివిన మేనల్లుడు ఫోన్లూ ఫొటోలూ చూసుకుంటాడు. అంతే సంస్థ! పేపర్లో పేరొద్దన్నారు. 'బేరం చెడిపోతాదండీ' అన్నది ఆయన మాట.

ఏటా దసరా నుంచి సంక్రాంతి దాకా వాళ్ల బండ్లకి ఖాళీ ఉండదు. అయినా చేతిలో ఏమీ మిగలదు. కారణం... కోల్‌కతాలో టికెట్టు కట్టించుకునేది ఒకరు, ఆయన దగ్గర గ్రూపు తీసుకునేది ఇంకొకరు, విశాఖలో దాన్ని అందుకునేది మరొకరు. వాళ్ల దగ్గర్నుంచి వీళ్లకి బండి పురమాయింపు వస్తుంది. పర్యటకుడు ఇచ్చిన రూపాయి మూడు చేతులు మారి నాలుగో చేతికొచ్చేసరికి అరిగిపోతుంది. మధ్యలో ఒక్క చెయ్యైనా తగ్గించుకోవాలంటే... నేరుగా కోల్‌కతా వెళ్లాల్సిందే.

భాష వాళ్లకి అడ్డు కాలేదు. ఇంటావిడ పుట్టిపెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో! బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఆ ఊరినిండా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలనుంచి పనికి వెళ్లిన తెలుగువాళ్లే. ఆవిడ తండ్రీ తాతా అక్కడి వర్క్‌షాపులో పనిచేశారు. బెంగాలీ మాట్లాడటమే కాదు, చదవడం రాయడం కూడా వచ్చావిడకి. పెళ్లయి వచ్చాక పాతికేళ్లుగా ఆ భాషతో పనిపడింది బీచ్‌లో పర్యటకులు దారి అడిగినప్పుడే.

డబ్బే అసలు సమస్య. చిట్టీ పాట పాడి రెండున్నర లక్షలు తెచ్చారు. స్టాల్ అద్దె, దానిమీద 18 శాతం జీఎస్టీ, ఇంగ్లిషులో తళతళలాడే రెండువేల బ్రోచర్లు, ఫ్లెక్సీలు, ముగ్గురికి రైలు ఖర్చులు, లాడ్జి. సంతలో అందరికీ ఇచ్చే అర ఒకటే తీరు: మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడువైపులా తెల్ల పలకలు, నెత్తిన పేరు పట్టీ, ఒక బల్ల, రెండు కుర్చీలు, కొన్ని దీపాలు, ఒక ప్లగ్గు. మూడో కుర్చీ కావాలంటే అద్దె! ఆ సంగతి అక్కడికి వెళ్లాక తెలిసింది. మేనల్లుడు మూడు రోజులూ నిలబడే ఉన్నాడు.

నిజానికి ఇంకాస్త చవక దారీ ఉంది. రాష్ట్ర పర్యటక శాఖలు తీసుకునే పెద్ద పెవిలియన్లలో చిన్న సంస్థలకి ఓ బల్ల ఇవ్వడం మామూలే. దానికి ముందే దరఖాస్తు చేసుకోవాలి. వీళ్లకి తెలిసేసరికి ఆలస్యమైంది.

తొమ్మిది కొట్లతో మొదలై...

ఊళ్లను అంగట్లో పెట్టి అమ్మే ఈ పద్ధతి మరీ పాతదేం కాదు. 1966లో బెర్లిన్‌లో ఐటీబీ మొదలైనప్పుడు స్టాల్స్ పెట్టింది ఐదు దేశాలనుంచి వచ్చిన తొమ్మిది సంస్థలే! ఇప్పుడది ప్రపంచంలోకెల్లా పెద్ద పర్యటక సంత. 2019లో దాదాపు పదివేల సంస్థలు పాల్గొన్నాయక్కడ. మరుసటి ఏడాది కరోనా భయంతో ఇంకో ఐదు రోజుల్లో మొదలవుతుందనగా రద్దు చేశారు. లండన్‌లో వరల్డ్ ట్రావెల్ మార్కెట్ 1980లో వచ్చింది. మనదేశంలో టీటీఎఫ్ 1989లో కోల్‌కతాలోనే పుట్టి తర్వాత హైదరాబాద్‌తో సహా అనేక నగరాలకి పాకింది.

పెద్ద సంతల్లో 'హోస్టెడ్ బయర్లు' అని ఒక వర్గం ఉంటారు. పెళ్లికి వచ్చిన మగపెళ్లివారి లెక్క! నిర్వాహకులే వాళ్లకి టికెట్టూ హోటల్ గదీ ఇచ్చి పిలిపిస్తారు. బదులుగా వాళ్లు రోజుకి ఇన్ని స్టాల్స్ చొప్పున తిరిగి అమ్మకందార్లతో మాట్లాడాలి. కొంత సమయం ఇలా వ్యాపారులకే కేటాయించి ఆ తర్వాత మామూలు జనాన్ని రానిచ్చే సంతలూ ఉన్నాయి. వ్యాపారులొచ్చినప్పుడు బేరం గుంపుల్లో, జనం వచ్చినప్పుడు కుటుంబాల్లో. రెంటికీ మాటతీరు వేరు, ధర వేరు. చిన్న సంస్థలు తడబడేది అక్కడే.

ఝాల్‌మురీ పొట్లం

మొదటిరోజు సాయంత్రందాకా ఆ పెద్దావిడ కాక నిలబడి మాట్లాడినవాళ్లు పదిమంది లేరు. బల్లని అరకి అడ్డంగా వేసి, వెనకాల ఇద్దరూ రేషన్ షాపు డీలర్లలా కూర్చున్నారు. మేనల్లుడు రీల్స్ తీసుకుంటూ కనిపించాడు. పక్క పెవిలియన్‌లో డప్పులూ నాట్యాలూ. ఆ ఎదుట ఉచితంగా సంచులు పంచుతున్నారని తోపులాట. ఆ సంచులు పుచ్చుకున్నవాళ్లు వరుసగా అన్ని స్టాళ్లలోనూ బ్రోచర్లు వేసుకుంటూ, వీళ్ల దగ్గరా ఒకటి తీసుకుని, తలెత్తకుండా వెళ్లిపోయారు. మూడొందలకు పైగా బ్రోచర్లు అయిపోయాయని యజమాని సంతోషించాడు.

సంత మూసేవేళ బయటికొచ్చి చూస్తే వాటిలో కొన్ని చెత్తబుట్టలో ఉన్నాయి. గేటు దగ్గర ఒకాయన బొర్రా గుహల ఫొటోని శంకంలా చుట్టి అందులో ఝాల్‌మురీ పోయించుకుని తింటున్నాడు.

ఆ రాత్రి లాడ్జిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఇంటావిడ మాత్రం కిందికెళ్లి నాలుగు చార్టులూ స్కెచ్ పెన్నులూ కొనుక్కొచ్చింది. పొద్దున పెద్దావిడ అడిగినవీ, ఆ తర్వాత వచ్చినవాళ్లు అడిగినవీ తలుచుకుంటూ బెంగాలీలో జవాబులు రాయడం మొదలుపెట్టింది. వేడినీళ్లు: విశాఖలో ఎప్పుడైనా, అరకులో పొద్దున ఆరునుంచి తొమ్మిది దాకానే. చేప: విశాఖలో రోజూ, అరకులో ముందురోజు చెబితే. మెట్లు: బొర్రా గుహల్లో చాలా, మోకాళ్ల నొప్పులవాళ్లు పైన కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. ఆవనూనె: వండిస్తాం. వాన: అక్టోబరులో రావచ్చు, తుపానూ రావచ్చు, వస్తే కార్యక్రమం మారుతుంది.

చివరిది చదివించుకుని మగాయన ఉలిక్కిపడ్డాడు.

'వాన సంగతి మనమే చెప్పుకోవాలేటి? పక్కోడు సెప్తాడా?'

'హుద్‌హుద్ సంగతి వీళ్లు వినలేదనుకుంటున్నారా? మనం చెప్పకపోతే వాళ్లే అడుగుతారు. అప్పుడేం చెబుతారు?' అందావిడ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని అతలాకుతలం చేసిన రోజున ఆయన కారు చెట్టుకింద నలిగిపోయింది. ఇంక మాట్లాడలేదు.

మీరు తినేది మా చేపే!

రెండోరోజు బల్లని గోడకి జరిపేశారు. కుర్చీలు బయటికి వేశారు... కూర్చోవడానికి, అదీ వచ్చినవాళ్లకి. సంతలో తిరిగితిరిగి కాళ్లు పీకుతున్న పెద్దలకి ఖాళీ కుర్చీ కనిపిస్తే అంతకుమించిన ఆకర్షణ ఏముంటుంది! కూర్చున్నవాళ్లు చార్టు చదివారు. చదివి నవ్వారు. 'తొమ్మిదింటి తర్వాత నిజంగానే వేడినీళ్లు రావా బౌదీ?' అని వదినగారి వరస కలిపేశారు. 'రావు దాదా, ఎనిమిదిన్నరకే స్నానం చేసెయ్యండి' అని ఆవిడ జవాబు.

చేప దగ్గర మాత్రం గట్టి వాదనే జరిగింది. సముద్రపు చేప తమకు పడదనీ, రుయ్యీ కట్లా కావాలనీ ఓ రిటైర్డు మాస్టారు పేచీ పెట్టారు. 'మీరు హౌరా మార్కెట్లో కొనే రుయ్యి ఎక్కడిదనుకుంటున్నారు? భీమవరం, ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో లారీలెక్కి వచ్చిందే. ఇన్నాళ్లూ మా చేపే తింటున్నారు' అనగానే చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నిజమే, కోల్‌కతా బజార్లలో 'ఆంధ్రా మాఛ్' అని దానికో పేరే ఉంది. తాజాది కాదని ఈసడించుకుంటూనే కొంటారు. మాస్టారు తమ శ్రీరాంపూర్ వైపు క్లబ్బులో ఇరవైరెండుమంది ఉన్నారనీ దశమికి బయల్దేరాలనుకుంటున్నారనీ అప్పుడు చెప్పారు.

ఆ ఏడాది వాళ్ల వెతుకులాటకి ఇంకో కారణమూ ఉంది. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చిచంపారు. చనిపోయినవాళ్లలో బెంగాల్‌వాళ్లూ ఉన్నారు. కశ్మీర్‌కి టికెట్లు కొన్న కుటుంబాలు రద్దు చేసుకున్నాయి. తిరిగి రమ్మని అడగడానికి జమ్మూకశ్మీర్ ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా ఆ జులైలోనే స్వయంగా కోల్‌కతా వచ్చి మమతా బెనర్జీని కలిశారు. ఒక ప్రాంతపు పొయ్యి ఆరిపోకుండా ముఖ్యమంత్రి వచ్చి అడగాల్సినంత బరువుంది బెంగాలీ యాత్రికుడి నిర్ణయానికి. విశాఖ దంపతులకి ఆ సంగతి సంతోషం కలిగించలేదు. 'వాళ్ల డ్రైవర్లూ మనలాంటోళ్లే కదా' అని మాత్రం అన్నాడాయన.

480 మంది... 28,800 రూపాయలు

ఆ మధ్యాహ్నమే వచ్చాడు పెద్ద బయరు. కోల్‌కతాలో పేరున్న ఆపరేటరు. చార్టులవంక చూడలేదు, కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు: దసరా నుంచి డిసెంబరు దాకా పన్నెండు గ్రూపులు, గ్రూపుకి నలభైమంది. అరకు ఒక్కరోజే. పొద్దున రైల్లో పైకి, రాత్రికి బస్సులో కిందికి. తలకి ఇంత. డబ్బు... ట్రిప్పు పూర్తయిన నలభై అయిదు రోజులకి.

ఆశ పుట్టని మనిషెవరు! ఒక్క సంతకంతో 480 మంది. ఆ రాత్రి లాడ్జి గదిలో మేనల్లుడు 'ఒప్పేసుకో మావయ్యా, ఇంతకన్నా ఏం కావాలి' అని పట్టుబట్టాడు. ఆవిడ కాగితం తీసి లెక్కవేసింది. బస్సు, డీజిలు, డ్రైవరు బత్తా, భోజనం, టికెట్లు పోను ఆయన చెప్పిన ధరకి తలకి మిగిలేది అరవై రూపాయలు. పన్నెండు గ్రూపులకీ కలిపి 28,800. డీజిలు బంకువాడు నలభై అయిదు రోజులు ఆగడు. బత్తా ఏ రోజుకారోజే ఇవ్వాలి. అంటే ఇంకో చిట్టీ పాడాలి.

లెక్క ఒక్కటే కాదు. అరకుని ఒక్కరోజులో చూపించడమంటే ఏమిటో పదిహేనేళ్లు ఘాట్‌రోడ్డు మీద తిరిగిన మనిషికి తెలుసు. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొండలు తొలిచి వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. మొత్తం దారిలో 58 సొరంగాలున్నాయి. కిటికీ పక్కన కూర్చుంటే చీకటి, వెలుగు, లోయ, మళ్లీ చీకటి... నాలుగు గంటల ఆ ప్రయాణమే సగం అరకు. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చాక దానికి గిరాకీ మరీ పెరిగింది. దిగేసరికి పదకొండు. అక్కణ్నుంచి గిరిజన మ్యూజియం, పద్మాపురం తోటలు, భోజనం, గాలికొండ దగ్గర ఒక ఫొటో, మూసేలోగా బొర్రా గుహలకి పరుగు. అరవై ఏళ్లు దాటినవాళ్లు గుహలో రొప్పుతూ మెట్లెక్కుతారు, చీకట్లో మలుపుల దారిలో వాంతులు చేసుకుంటూ దిగుతారు. లోయ మీద పొద్దున్నే మంచు విచ్చుకోవడం, సంతలో గిరిజనులు పసుపూ పిప్పళ్లూ అమ్ముకోవడం... అవేవీ చూడరు. ఊరెళ్లి 'ఆరాకులో ఏముందోయ్, ఒళ్లు నొప్పులు' అంటారు. ఆ మాట ఆపరేటరుకి నష్టం కాదు. వచ్చే ఏడు వాళ్లకి ఇంకో ఊరు అమ్ముతాడు. అరకువాళ్లకి అమ్ముకోవడానికి ఇంకో ఊరు లేదు.

పొద్దున్నే ఆపరేటరుకి కబురు పంపారు. నాలుగు గ్రూపులు చాలు. అరకులో ఒక రాత్రి నిద్ర. సగం డబ్బు ముందు. ఆయన మనిషి వచ్చి విని, నవ్వి, కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మేనల్లుడు ఆ పూటంతా అత్తతో మాట్లాడలేదు.

నోటుబుక్కులో 186 పేర్లు

మూడోరోజు జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. అసలైన సంగతొకటి అప్పుడే బయటపడింది. వచ్చినవాళ్లంతా 'రైలు టికెట్లు ఎప్పుడు కొనాలి' అనే అడుగుతున్నారు. 2024 నవంబరుదాకా 120 రోజుల ముందు రిజర్వేషన్ మొదలయ్యేది. దశమి ప్రయాణానికి జూన్‌లోనే కొనేసేవారు. సంత జరిగే జులైకి ఎటు వెళ్లేదీ తేలిపోయి ఉండేది. ఇప్పుడది 60 రోజులకి తగ్గింది. అక్టోబరు మొదటివారం టికెట్లు ఆగస్టు మొదట్లో తెరుచుకుంటాయి. అంటే సంత ముగిశాక మూడువారాలు! ఈ మూడువారాల్లో ఎవరు గుర్తుంటే వాళ్లదే బేరం.

అందుకే ఆవిడ బ్రోచర్లు ఇవ్వడం ఆపేసింది. నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కరి పేరు, ఫోన్ నంబరు, ఎంతమంది, ఎవరికి మోకాళ్ల నొప్పులు, ఎవరు చేప తినరు... ఇవన్నీ రాసుకుంది. 186 పేర్లు. అందులో ఏజెంట్లు 61, మిగిలినవి కుటుంబాలూ క్లబ్బులూ. విశాఖ వచ్చిన మర్నాటినుంచే రోజుకి ఇరవైమంది చొప్పున ఫోన్లు చేసింది. సగంమంది ఎత్తలేదు. ఎత్తినవాళ్లలో చాలామంది ఏ స్టాలో మర్చిపోయారు. 'వేడినీళ్ల స్టాల్' అంటే మాత్రం గుర్తొచ్చేది.

రిజర్వేషన్ తెరుచుకునే తేదీకి ముందురోజు రాత్రి అందరికీ బెంగాలీలో ఒక మెసేజ్ వెళ్లింది. పొద్దున ఎనిమిదింటికి సిద్ధంగా ఉండండి అని. ఆ పని చేయడానికి డబ్బేమీ తీసుకోలేదు. దసరాకి ఏడు బృందాలు ఖాయమయ్యాయి. మొత్తం 94 మంది. ఏజెంట్లనుంచి వచ్చింది ఒక్కటే.

దశమినాడు వాన

శ్రీరాంపూర్ మాస్టారి బృందం అక్టోబరు 2న తెల్లవారుజామున విశాఖలో దిగింది. అది విజయదశమి. అదేరోజు బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం. సాయంత్రానికి గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఉత్తరాంధ్ర అంతా కుండపోత, ఈదురుగాలులు, రోడ్ల మీద విరిగిపడిన చెట్లు. మర్నాడు అరకు వెళ్లాలి. ఇలాంటి వానల్లో ఆ లైను మీద కొండరాళ్లు జారిపడటం కొత్తకాదు. రైలు నమ్ముకోలేం, ఘాట్‌రోడ్డూ నమ్ముకోలేం.

అరకు రెండు రోజులు వెనక్కి జరిపారు. హోటలువాడితో మాట్లాడి గదులు పొడిగించారు. అరకులో కట్టిన బయానా కొంత పోయింది. ఆ నష్టం సంస్థే భరించింది. ఇక ఆ సాయంత్రం పిల్లల్నీ పెద్దల్నీ గదుల్లో కూర్చోబెట్టి ఏం చెయ్యాలి? ఇంటావిడకి ఆలోచన తట్టింది. విశాఖలో స్థిరపడ్డ బెంగాలీలు జరిపే దుర్గాపూజ మండపానికి వానలోనే మినీ బస్సు కట్టించింది. పండగనాడు ఇల్లు విడిచి వచ్చామని లోలోపల బాధపడుతున్న ఆడవాళ్లు అక్కడ అమ్మవారికి సిందూరం పెట్టి, ఒకరి బుగ్గలకొకరు పూసుకుని, తడిసిన చీరలతోనే శంఖాలూదారు. మాస్టారు గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి ఫొటోలు తీశారు.

వాన వస్తుందని చార్టులో ముందే రాశారు కాబట్టి ఎవరూ గొడవపడలేదు... అని రాస్తే అబద్ధమవుతుంది. ఇద్దరు డబ్బు వెనక్కి అడిగారు. మిగతావాళ్లే వాళ్లకి సర్దిచెప్పారు. మూడోరోజుకి అరకు కడుక్కున్నట్టు పచ్చగా ఉంది. చాపరాయి దగ్గర నీళ్లు ఉరకలెత్తుతున్నాయని దిగనివ్వలేదు. వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం రెండుసార్లు తెప్పించుకున్నారు. అరకులో అడిగి మరీ రుయ్యి చేప వండించుకున్న మాస్టారు, అందులో ఆవ తగ్గిందన్నారు.

లెక్క తేలింది

దసరా సీజను ముగిశాక ఆవిడ మళ్లీ కాగితం తీసింది. సంతకి పెట్టిన రెండున్నర లక్షల్లో తిరిగొచ్చింది సగం కన్నా కాస్త తక్కువ. నవంబరులో ఒకటీ అరా ఫోన్లు. డిసెంబరు నెల పెట్టగానే తీరు మారింది. మాస్టారి క్లబ్బు పక్క వీధివాళ్లు, ఆయన వియ్యంకుడి ఆఫీసువాళ్లు, నోటుబుక్కులో లేని పేర్లు... 'వేడినీళ్ల బౌదీ' నంబరు ఇదేనా అంటూ మొదలుపెట్టేవారు. సంక్రాంతి అయ్యేసరికి చిట్టీ వాయిదాలకి ఢోకా లేదనిపించింది. పోయినవి పోను మిగిలింది మాత్రం ఓ కారు టైర్లు మార్చుకునేంత.

పాత పద్ధతిలో వచ్చే పురమాయింపులు ఇంకా మానలేదు. మానితే బండ్లు నడవవు. కాకపోతే అప్పుడు నూటికి నూరూ అవే, ఇప్పుడు ముప్పాతిక వంతు.

మళ్లీ వెళ్లడానికి మొగుడూ పెళ్లాలిద్దరూ ఒప్పుకున్నారు. మూలన ఉండే స్టాల్‌కి అద్దె ఎక్కువ. రెండువైపులా తెరిచి ఉంటుంది కాబట్టి అదే కావాలని ఆవిడ, అక్కర్లేదని ఆయన. ఈసారి ఇంగ్లిషు బ్రోచర్లు వేయరు. మూడో కుర్చీ ఇక్కణ్నుంచే మడిచి తీసుకెళ్లొచ్చా అని మేనల్లుడు వాకబు చేస్తున్నాడు.

జనవరి చివర్లో ఒకరోజు కోల్‌కతా పెద్ద ఆపరేటరు ఆఫీసునుంచి ఫోన్ వచ్చింది. అరకులో ఒక రాత్రి ఉండేలా నలభైమందికి ఎంతవుతుందని అడిగారు. ఆవిడ జులైలో చెప్పిన ధరే చెప్పింది. సగం ముందు అనీ చెప్పింది. కనుక్కుని చెబుతామన్నారు.